ఆంప్లిఫయర్ వేస్తే ఒక ధబ్, ఆపితే అంతకంటే పెద్ద ధబ్. స్పీకర్లు బతుకుతాయా?

కడపగడప_88
ఇంట్లో అసెంబుల్ చేయించుకున్న సెట్టు ఉంది. 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డు, రెండు చానళ్లు, 12 అంగుళాల వూఫర్లతో రెండు బాక్సులు. ముందర బాస్-ట్రెబుల్ బోర్డు, దానికి బ్లూటూత్, యూఎస్‌బీ ప్యానెల్. పాట బాగానే పలుకుతుంది. బాధంతా స్విచ్ దగ్గరే. వేయగానే ధబ్‌మని ఒకటి. ఆపినాక ఇంకా ఘోరం. రెండు సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత గుర్ర్‌మని మూలిగి టప్‌మంటుంది. కోన్ ముందుకు తన్నుకొని రావడం కంటికే కనిపిస్తుంది. మా జేజి మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఎవరైనా సెట్టు ఆపితే గుండె పట్టుకొని లేస్తోంది. చేసిచ్చినాయన్ను అడిగితే "అసెంబుల్ సెట్టు కదా, మామూలే" అన్నాడు. నిజంగా మామూలేనా? ఈ ఎండలకు కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయి వస్తోంది. పోయినప్పుడొకటి, వచ్చినప్పుడొకటి, మొత్తం ఎనిమిది ధబ్బులు.

ఉగ్గాని_బజ్జి
స్పీకర్ "డబ్బు డబ్బు" అంటోందంటే అడుగుతోందని అర్థం. కొత్త వూఫర్లకు ఇప్పటినుంచే దాచిపెట్టుకో.

పాతపాటలు_మాత్రమే
వాల్యూం సున్నాకు తిప్పి ఆపితే సరిపోతుంది కదబ్బా. 30 ఏళ్లుగా నేను చేసేది అదే. దీనికి ఇంత టెన్షన్ ఎందుకు?

కడపగడప_88
సున్నాలో పెట్టినా అదే ధబ్ అన్నా. ఏం తేడా లేదు.

ఓం_సూత్రం
వాల్యూం బటన్ తనకు ముందున్న వాటి శబ్దాన్నే ఆపుతుంది. తన తర్వాత ఉన్న ఐసీ కుదుపు ఇస్తే అదేం చేస్తుంది? కడప తమ్ముడి సెట్టులో వాల్యూం తర్వాత టోన్ బోర్డు (బాస్-ట్రెబుల్ బోర్డు) ఐసీ ఒకటి ఉండి ఉంటుంది, ఆపైన పవర్ బోర్డు. కాబట్టి ఆ పరీక్షతో ఏదీ తేలదు.

"మామూలే" అన్నాయన అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. సప్లై లేచేటప్పుడు, పడిపోయేటప్పుడు ఏ బోర్డైనా కాసేపు అదుపులో ఉండదు. ఆ కాసేపు స్పీకర్‌కు డీసీ వెళ్తుంది, అదే నీకు ధబ్‌మని వినిపించేది. ఆ డీసీ పవర్ బోర్డులోనే పుడుతోందా, లేక ముందరి బోర్డుల్లో పుట్టింది పవర్ బోర్డు పెద్దది చేసి పంపుతోందా? ముందు అది తేలాలి. ప్లగ్ పీకు. పవర్ బోర్డుకు వెళ్లే ఇన్‌పుట్ వైరు ఊడదీసి, బోర్డు ఇన్‌పుట్‌ను దాని గ్రౌండ్‌కే కలుపు. మంచి బాక్సులు పక్కన పెట్టి, పోయినా ఏడవని పాత స్పీకర్ ఒకటి తగిలించి ఆన్, ఆఫ్ చేసి చూడు. ఏమైందో రాయి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

సీమ_లైవ్‌సౌండ్
మా అనంతపురం వైపు కొత్త కుర్రాళ్లకు నేను ఒకే మాట నేర్పుతా. పవర్ ఆంప్లిఫయర్ కొత్తల్లుడు. అందరూ వచ్చి కూర్చున్నాక చివర్లో వస్తాడు, భోజనం కాగానే అందరికంటే ముందు లేచిపోతాడు. అంటే వేసేటప్పుడు మైకుల రిసీవర్లు, ల్యాప్‌టాప్, మిక్సర్, క్రాస్‌ఓవర్ (బాస్‌ను, సన్న శబ్దాలను విడగొట్టే మిషన్), ఆ తర్వాతే ఆంప్లిఫయర్లు. ఆపేటప్పుడు ముందు ఆంప్లిఫయర్లు, వాటి లైట్లు పూర్తిగా ఆరినాక మిక్సర్. ఇది పాటిస్తే ధబ్బుల్లో ముప్పాతిక భాగం పోతుంది.

ఉగ్గాని_బజ్జి
మా ఇంటి అల్లుడు దసరాకు వచ్చినాడు. సంక్రాంతి అయిపోయినా పోలేదు.

సీమ_లైవ్‌సౌండ్
అయితే ఆయన ఫ్రిజ్జు, ఆంప్లిఫయర్ కాదు.

కడపగడప_88
అన్నా, నాది అన్నీ ఒకే డబ్బాలో, ఒకే స్విచ్. అల్లుడూ మామా ఒకే బస్సు దిగుతున్నారు.

ట్రాన్సిస్టర్_తాత
కర్నూలులో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి బాగుచేసి కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి, నా మాట కూడా విను నాయనా. ఒకే సప్లైతో నడిచే పాత సెట్లలో ఔట్‌పుట్‌కు, స్పీకర్‌కు మధ్య పెద్ద కండెన్సర్ ఉంటుంది. 24 వోల్టుల సెట్టు అనుకో. ఔట్‌పుట్ 12 వోల్టుల దగ్గర నిలబడాలి. వేసినప్పుడు ఆ కండెన్సర్ కూడా 12 వోల్టులకు నిండాలి కదా, మరి నిండే కరెంటు యాడ నుంచి పోవాలి? స్పీకర్ కాయిల్ లోంచే. 2200 మైక్రోఫారడ్, 8 ఓంలు పెట్టి లెక్క చూసుకో, 17, 18 మిల్లీసెకన్లు వస్తుంది. అంత తొందరగా నిండుతుంది కాబట్టే దెబ్బ గట్టిగా తగులుతుంది. అప్పట్లో ఔట్‌పుట్ ఒక్కసారిగా లేవకుండా బయాస్ దగ్గర, అంటే ఔట్‌పుట్‌ను ఆ 12 దగ్గర నిలబెట్టే చోట, కండెన్సర్ పెంచి మెల్లగా లేపేవాళ్లం. ధబ్ కాస్తా "ఊఁ" అయ్యేది.

నీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏం రాసుందో చెప్పు. మధ్యలో సున్నా ఉందా?

కడపగడప_88
35-0-35 అని ఉంది తాతా. పెద్ద కండెన్సర్లు రెండు, 10,000 మైక్రోఫారడ్, 63 వోల్టులు.

ట్రాన్సిస్టర్_తాత
అయితే నేను చెప్పిన కథ నీది కాదు. నీది రెండు సప్లైలది, ఆ 35 ఏసీ డీసీగా మారితే ప్లస్ 49, మైనస్ 49. ఔట్‌పుట్‌కు, స్పీకర్‌కు మధ్య అడ్డం ఏమీ లేదు. ఒక 5200 షార్ట్ అయిందనుకో, 49 వోల్టులు తిన్నగా కాయిల్ మీద పడతాయి. 8 ఓంల స్పీకర్ డీసీలో 6 ఓంలే చూపిస్తుంది. 8 ఆంపియర్లు, 400 వాట్ల వేడి. అంటే నీ వూఫర్ స్పీకర్ కాదు, నీళ్ల హీటర్. ధబ్ పోయినా పోకపోయినా నీకు ప్రొటెక్షన్ రిలే కావాలి, అంటే ప్రమాదమొస్తే స్పీకర్‌ను తనంతట తానే తెంచేసే స్విచ్.

సర్కిల్_కుర్రోడు
ఎన్‌టీసీ పెట్టు బ్రో, వేడెక్కేకొద్దీ కరెంటును వదిలే రెసిస్టర్. లేదా సాఫ్ట్ స్టార్ట్ బోర్డు. సప్లై మెల్లగా లేస్తుంది, ధబ్ ఉండదు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

ఓం_సూత్రం
సాఫ్ట్ స్టార్ట్ ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ వేయగానే లాగే కరెంటును తగ్గించి ఫ్యూజు, స్విచ్ కాపాడటానికి. ధబ్‌కు మందు కాదు. సప్లై నత్తనడకన లేస్తే బోర్డు అదుపులో లేని సమయం ఇంకా పెరుగుతుంది. కొన్ని బోర్డుల్లో శబ్దం ఎక్కువవడం చూశాను.

సర్కిల్_కుర్రోడు
నా దాంట్లో తగ్గింది మరి.

ఓం_సూత్రం
తగ్గి ఉండొచ్చు, కాదనను. ఆపేటప్పుడు వచ్చేది కూడా తగ్గిందా?

సర్కిల్_కుర్రోడు
... లేదు.

వీణక్క
నేను సంగీతం క్లాసులు చెబుతాను, కీబోర్డు, రెండు మైకులు, చిన్న మిక్సర్. నాకు ధబ్ వచ్చేది రెండు చోట్ల. కీబోర్డు వైరు పీకి పెట్టేటప్పుడు ఒకటి. పిల్లలు పాడుతుంటే వైరు లాగేస్తారు, టప్! ఇప్పుడు "మ్యూట్ నొక్కకుండా వైరు ముట్టుకుంటే ఆ రోజు సరళీ స్వరాలు 20 సార్లు" అని రూలు పెట్టాను. రెండోది కండెన్సర్ మైకుకు 48 వోల్టుల బటన్ నొక్కినప్పుడు. ఫేడర్ కిందికి దించి, నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు పైకి తెస్తాను. ఆపేటప్పుడూ అంతే. ఇది తెలియక ఒకసారి నాటకం స్టేజీ మీద నాలుగు మైకులకు ఒకేసారి నొక్కారు ఎవరో. ధర్మరాజు పద్యం మధ్యలో ఆగిపోయాడు.

ఉగ్గాని_బజ్జి
1885లో కడప జిల్లా సురభి గ్రామంలో నాటకం మొదలుపెట్టినవాళ్లు అదృష్టవంతులు. మైకూ లేదు, ధబ్బూ లేదు, చివరి వరసకు వినిపించేలా అరిచేవాళ్లు.

వీణక్క
అరవడం కాదు నాయనా, గొంతు నిలపడం. క్లాసుకు రా, తేడా చెబుతా.

సీమ_లైవ్‌సౌండ్
వీణక్క స్టేజీ అంటే గుర్తొచ్చింది. ధర్మవరం పక్కన ఒక పెళ్లి. రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ మీదికి మార్చారు. మార్చే ఆ రెండు సెకన్లలో మిక్సర్ చచ్చిపోయింది. ఆంప్లిఫయర్లలో పెద్ద కండెన్సర్లు ఉంటాయి కదా, అవి ఇంకా బతికే ఉన్నాయి. జనరేటర్ ఎత్తుకోగానే మిక్సర్ లేస్తూ ఒక కుదుపు ఇచ్చింది. బాస్ బాక్సులు తట్టుకున్నాయి, సన్న శబ్దాలు పలికే హారన్ డ్రైవర్ల డయాఫ్రం రెండు పోయాయి. మాది క్రాస్‌ఓవర్ మిషన్‌లోనే విడగొట్టి, ఆంప్లిఫయర్ నుంచి హారన్‌కు తిన్నగా వైరు వేసే పద్ధతి. మధ్యలో కండెన్సర్ లేదు. అప్పటినుంచి ప్రతి హారన్‌కు వరసలో 20 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) కండెన్సర్ పెట్టాను. 8 ఓంల డ్రైవర్‌కు అది 1000 హెర్ట్జ్ కిందివి కోస్తుంది. మా క్రాస్‌ఓవర్ 2500 దగ్గర, కాబట్టి పాటలో పెద్ద తేడా తెలియదు. మిక్సర్‌కు ఒక చిన్న యూపీఎస్ కూడా పెట్టాను. అది పెట్టాక జనరేటర్ ఎన్నిసార్లు మార్చినా ఉలుకూ పలుకూ లేదు.

కడపగడప_88
పరీక్ష చేశాను. పవర్ బోర్డు ఇన్‌పుట్ గ్రౌండ్‌కు కలిపి వేస్తే చిన్నగా "టుప్", అంతే. ఆపితే ఏమీ లేదు! గుర్ర్ లేదు, టప్ లేదు. మళ్లీ టోన్ బోర్డు కలపగానే పాత కథే. మల్టీమీటర్‌తో స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కూడా చూశాను, ఒక చానల్ 34 మిల్లీవోల్టులు, ఇంకోటి 18.

ఓం_సూత్రం
34, 18 అంటే బాగుంది. 100 దాటితే ఆలోచించాలి. నీ పవర్ బోర్డు మంచిదే, చేసినాయన్ను తిట్టుకోకు.

దొంగ టోన్ బోర్డే. దానికి ఇచ్చే ప్లస్ 12, మైనస్ 12 ఆపినాక ఒకేసారి పడిపోవు. బ్లూటూత్ ప్యానెల్ కూడా ప్లస్ వైపు నుంచే లాగుతుంది కాబట్టి ప్లస్ ముందు చస్తుంది. ఒక కాలు విరిగిన ఐసీ ఔట్‌పుట్‌ను ఇంకో వైపుకు తోసేస్తుంది. అప్పటికి నీ 10,000 మైక్రోఫారడ్‌లు ఇంకా నిండుగానే ఉన్నాయి, పవర్ బోర్డు సేవకు సిద్ధంగా ఉంది. చచ్చేవాడి మూలుగును ఊరంతా వినిపిస్తోంది. నీ "రెండు సెకన్ల మౌనం, గుర్ర్, టప్" అదే.

ఇంకొకటి చూడు. టోన్ బోర్డు ఔట్‌పుట్ కండెన్సర్ తర్వాత గ్రౌండ్‌కు 100 కిలో ఓంల రెసిస్టర్ ఉందా? చాలా బోర్డుల్లో ఆ చిన్న రెసిస్టర్ పెట్టకుండా మిగిల్చేస్తారు. అది లేకపోతే కండెన్సర్ అవతలి కాలు గాల్లో వేలాడుతూ ఉంటుంది, వైరు తగిలినప్పుడల్లా టప్.

కడపగడప_88
లేదు. ఈ రోజే రెండు వైపులా వేస్తా. మరి రిలే బోర్డు ఏది కొనాలి?

ట్రాన్సిస్టర్_తాత
యూపీసీ 1237 ఐసీ ఉన్నది తీసుకో. వేసినాక మూడు నాలుగు సెకన్లు ఆగి స్పీకర్ కలుపుతుంది, డీసీ వస్తే తెంచేస్తుంది, కరెంటు ఆగితే కూడా తెంచేస్తుంది. పాతకాలం పెద్ద కంపెనీల ఆంప్లిఫయర్లలో వేయగానే వినపడే ఆ "టిక్" దీని జాతిదే.

పాతపాటలు_మాత్రమే
రిలే పెడితే పాట క్వాలిటీ పోతుంది. కాంటాక్టులో శబ్దం చచ్చిపోతుంది.

ట్రాన్సిస్టర్_తాత
కాంటాక్టు నల్లబడితే పోతుంది, నిజమే. మంచి రిలే వేసుకుంటే ఏళ్ల తరబడి ఏమీ కాదు. నీ బాక్సుకు పోయే వైరు చూశావా? బల్బుకు వాడే సన్న వైరుతో ముప్పై అడుగులు లాగి, రిలేను తిడుతున్నావు.

పాతపాటలు_మాత్రమే
మా ఇంటికి ఎప్పుడొచ్చావయ్యా నువ్వు?

కడపగడప_88
వారం తర్వాత వచ్చాను. బోర్డు తెప్పించి పెట్టాను. డబ్బాలో ఖాళీగా ఉన్న సెట్‌టాప్ బాక్స్ 12 వోల్టుల అడాప్టర్‌తో బోర్డుకు సప్లై ఇచ్చాను. వేసేటప్పుడు ధబ్ పూర్తిగా మాయం, నాలుగు సెకన్ల తర్వాత టిక్. కానీ ఆపేటప్పుడు గుర్ర్, టప్ అలాగే ఉంది. దానికి ఒక టిక్ బోనస్. బోర్డు మోసమా?

ఓం_సూత్రం
బోర్డు మోసం కాదు. నువ్వు దాని కళ్లకు గంతలు కట్టావు. కరెంటు ఆగిందని దానికి తెలియాలంటే ట్రాన్స్‌ఫార్మర్ ఏసీ నుంచి ఒక వైరు వెళ్లాలి. ఆ ఐసీలో 4వ కాలు ఉన్నదే అందుకు. నువ్వు అడాప్టర్ డీసీ ఇచ్చావు, ఆ అడాప్టర్ లోపలి కండెన్సర్ ఖాళీ అయ్యేదాకా రిలే హాయిగా పట్టుకొనే ఉంటుంది. ఈలోగా టోన్ బోర్డు తన మూలుగు కానిచ్చేస్తుంది. బోర్డు మీద ఏసీ అని రాసిన టెర్మినల్ ఉందా?

కడపగడప_88
ఏసీ 12 అని రెండు స్క్రూలు ఉన్నాయి. అడాప్టర్ వాటికే తగిలించాను. పని చేసింది కదా అని వదిలేశాను.

ట్రాన్సిస్టర్_తాత
డీసీ ఇచ్చినా లోపలి బ్రిడ్జి దాటి పోతుంది నాయనా, అందుకే పని చేసినట్టు కనిపించింది. నీ ట్రాన్స్‌ఫార్మర్‌కు విడిగా 12 వోల్టుల చుట్టు ఉంటే అక్కడి నుంచి తీసుకో, లేదంటే 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అదే స్విచ్ తర్వాత కలుపు. 35 వోల్టుల చుట్టు నుంచి తిన్నగా ఇచ్చావంటే పొగ. దాంతోపాటు ఆ బోర్డులో బ్రిడ్జి పక్కన ఎంత కండెన్సర్ ఉందో చూడు.

కడపగడప_88
1000 మైక్రోఫారడ్.

ఓం_సూత్రం
12 వోల్టుల చిన్న రిలే కాయిల్ 400 ఓంలు ఉంటుంది. 1000 మైక్రోఫారడ్ అంటే 0.4 సెకన్లు. 100కు తగ్గిస్తే 0.04 సెకన్లు. ఏసీ వైరు సరిగా పెట్టాక కూడా ఆలస్యంగా వదిలితేనే దాన్ని ముట్టుకో, మరీ తగ్గిస్తే రిలే గుయ్‌మంటుంది.

ఇంకో చిన్న మార్పు. రిలేలో కదిలే కాంటాక్టు ఆంప్లిఫయర్‌కు కాకుండా స్పీకర్‌కు కలుపు. కలిసే పక్క ఆంప్లిఫయర్‌కు, ఖాళీగా ఆనుకునే పక్క గ్రౌండ్‌కు. 49 వోల్టుల డీసీని తెంచేటప్పుడు కాంటాక్టు మధ్య నిప్పు లేస్తుంది. అది ఆరకపోతే రిలే విడిపోయినా కాయిల్‌కు కరెంటు పోతూనే ఉంటుంది. ఇలా కలిపితే ఆ నిప్పు గ్రౌండ్‌కు పోతుంది, స్పీకర్ జోలికి రాదు.

ట్రాన్సిస్టర్_తాత
విప్పేముందు ఆ రెండు 10,000ల కండెన్సర్లూ ఖాళీ చేశావా? ఒక్కోదానికి అడ్డంగా 2.2 కిలో ఓంలు, 5 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా పెట్టేయ్, రెండు నిమిషాల్లో దిగిపోతాయి. మళ్లీ మొదటిసారి వేసేటప్పుడు సీరీస్ బల్బు మీద వేయి, అంటే కరెంటు దారిలో వరసలో ఒక పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే క్షేమం. వెలుగుతూనే ఉంటే వెంటనే పీకేయ్.

గడియారస్తంభం_దగ్గర
మధ్యలో దూరుతున్నా. నాది ధబ్ కాదు, "టక్". సెట్టు వేసే ఉంటుంది, ఎవరో ఫ్యాన్ స్విచ్ ఆపితే టక్, ఫ్రిజ్జు ఆగితే టక్. దీనికి కూడా రిలేనా?

ఓం_సూత్రం
కాదు. అది స్విచ్ తెగేటప్పుడు వచ్చే నిప్పురవ్వ, వైర్ల వెంట వచ్చి సెట్టులో పడుతోంది. ఆ స్విచ్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్, 100 ఓంలు వరసలో పెడతారు. కండెన్సర్ తప్పనిసరిగా ఎక్స్2 రకం, 275 వోల్టుల ఏసీ అని రాసి ఉన్నదే. మామూలు పిన్ను కండెన్సర్ పెడితే ఏదో ఒక రోజు పేలుతుంది. ఒక మెలిక ఉంది, స్విచ్ ఆపినా దాని గుండా 7 మిల్లీ ఆంపియర్లు పోతూనే ఉంటాయి. ఫ్యాన్‌కు పర్వాలేదు, ఎల్‌ఈడీ బల్బుకు పెడితే రాత్రంతా మిణుకుమిణుకుమంటుంది. చేతనైన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు.

ఉగ్గాని_బజ్జి
మా ఇంట్లో ఒక బల్బు అట్లే మిణుకుతుంటే దయ్యమని నిమ్మకాయలు కట్టించారు. ఇప్పుడు తెలిసింది.

బోరుబావి_వైండింగ్
మీ చర్చంతా చదివినా. నాది మోటార్ల వైండింగ్ షాపు, పాటల సంగతి నాకు తెలీదు. కానీ కరెంటు పోయి వచ్చే బాధకు మా రైతుల దగ్గర ఎప్పటినుంచో మందు ఉంది. మోటార్ స్టార్టర్. పచ్చ బొత్తాం నొక్కితే కాంటాక్టర్ (పెద్ద రిలే లాంటిది) పట్టుకుంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది, మళ్లీ వచ్చినా తనంతట తాను పట్టుకోదు. మనిషి వచ్చి నొక్కాలి. సింగిల్ ఫేజ్ చిన్న కాంటాక్టర్ ఒకటి, పచ్చ, ఎర్ర బొత్తాలు పెట్టుకుంటే వచ్చేటప్పుడు లేచే ఆ హడావుడే ఉండదు. కరెంటు వచ్చిన మొదటి నిమిషంలో వోల్టేజి ఎగిరి పడుతుంది, దాన్నుంచీ తప్పించుకుంటారు.

సీమ_లైవ్‌సౌండ్
ఇది నా బుర్రకు తట్టలేదు సామీ. మా ర్యాక్‌కు పెట్టిస్తా.

ఉగ్గాని_బజ్జి
ఆటో స్టార్టర్ మాత్రం పెట్టకు. రాత్రి రెండింటికి కరెంటు రాగానే చేనికి నీళ్లు పారినట్టు ఊరంతా పాటలు పారతాయి.

బోరుబావి_వైండింగ్
ఒక మాట మరిచిపోయినా. ఇది కరెంటు వచ్చేటప్పటికే. పోయేటప్పుడు వచ్చే ధబ్‌ను ఇది ఆపదు, దానికి మీ తాత చెప్పిన రిలేనే.

కడపగడప_88
అన్నీ చేశాను. 100 కిలో ఓంలు రెండు, 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ఏసీ వైరు, రిలే వైర్లు సూత్రం అన్న చెప్పినట్టు మార్చాను. సీరీస్ బల్బు మీద ఒకసారి మెరిసి ఆరిపోయింది. కండెన్సర్ 1000 అలాగే ఉంచాను, అవసరం పడలేదు. వేస్తే నాలుగు సెకన్లకు టిక్, పాట. ఆపితే వెంటనే టిక్, ఇంక శ్మశాన నిశ్శబ్దం. ప్లగ్ పీకి చూశాను, మెయిన్ ఆపి చూశాను, ఎట్లా ఆపినా టిక్ తప్ప వేరే చప్పుడు లేదు. కాంటాక్టర్ వచ్చే నెల జీతం వచ్చాక.

కొత్త సమస్య ఒకటే. జేజి సెట్టు వేసి, ధబ్ రాలేదని పాడైపోయిందనుకొని నాలుగు సెకన్లు కాకముందే ఆపేస్తోంది. మళ్లీ వేస్తోంది. మళ్లీ ఆపేస్తోంది.

ట్రాన్సిస్టర్_తాత
7వ కాలు దగ్గరి కండెన్సర్ సగానికి తగ్గించు. రెండు సెకన్లకే పట్టుకుంటుంది.

పాతపాటలు_మాత్రమే
ఆ బోర్డు ఎంతకు దొరికింది తమ్ముడూ? ఊరికే అడుగుతున్నా.